ఆకాశరామన్న చిరునామా

సంతకము లేని ఉత్తరమునకు మన ప్రాంతములలో ఆకాశరామన్న ఉత్తరమని పేరు. వ్రాసినవాడెవడో తెలియదు, ఎచ్చటివాడో తెలియదు. ఆకాశమునుండి ఊడిపడినట్లు ఒకనాడు టపాలో వచ్చి చేరును. ఐతే ఈ రామన్నలు రెండు విధములవారు. ఒకడు పొరుగింటి పెండ్లిసంబంధము చెడగొట్టుటకు కలము పట్టును. మఱియొకడు తన కార్యాలయమున జరుగుచున్న అక్రమమును కన్నులార చూచి, పేరు చెప్పినచో ఉద్యోగము పోవునని భయపడి, చెప్పకున్నచో మనస్సాక్షి ఊరకుండక, పేరు లేని అర్జీ వ్రాయును. మొదటివాడు పట్టుపడవలెనని మనమందఱము కోరుదుము. రెండవవాడు కాపాడబడవలెనని కోరుదుము. ఈ ఇద్దఱికిని తెలియకుండ, ఇద్దఱి కాగితములపైనను ఒకే తీరున చిరునామా వ్రాసిపెట్టు యంత్రమొకటి లోకమున నలువది సంవత్సరములుగా పని చేయుచున్నది. ఆ యంత్రమును గూర్చియే నేటి మా ప్రసంగము.

ఆ యంత్రము రంగుల లేజరు ప్రింటరు. దాని తోబుట్టువు రంగుల కాపీ యంత్రము. నేడు ఇది కార్యాలయములలోనే గాక వీధి మొగలో జిరాక్సు దుకాణమునందును కనబడును. దరఖాస్తు నకళ్లు, పిల్లల పాఠశాల పనులు, పుట్టినరోజు పిలుపులు, ఒకటేమి, ఎన్నో పనులకు మనము దానిని ఆశ్రయించుచున్నాము. కాగితముపై మనము కోరిన అక్షరములును బొమ్మలును మాత్రమే అచ్చయినవని మన నమ్మకము. ఆ నమ్మకము అన్ని వేళల నిజము కాదు. ఇట్టి యంత్రములలో పెక్కు, మనము కోరని మఱియొక వ్రాతను గూడ కాగితము నిండ అచ్చువేయును. అది మన కంటికి ఆనదు.

వ్రాతనుబట్టి వ్రాసినవానిని కనుగొనవలెనను కోరిక క్రొత్తది కాదు. చేవ్రాతను పోల్చి చూచు నిపుణులు ఏనాటినుండియో ఉన్నారు. టైపు యంత్రము వచ్చిన పిదప చేవ్రాత మాయమైనను గుర్తులు మాయము కాలేదు. ఒక యంత్రములో ఒక అక్షరము కొంచెము ఒరిగి పడును. మఱియొక దానిలో ఒక అక్షరపు తోక అరిగి యుండును. అరుగుదలలో ఏ రెండు యంత్రములును ఒక్కతీరున నుండవు. ఈ సంగతి గ్రహించియే రుమేనియా దేశమున చౌషెస్కూ ప్రభుత్వము 1983లో ఒక శాసనము చేసెను. టైపు యంత్రము కలిగిన ప్రతివాడును దానిని రక్షకభటుల యొద్ద నమోదు చేయించుకొని, దాని అక్షరముల నమూనా కాగితమును వారికి ఒప్పగింపవలసియుండెను. ప్రభుత్వమును విమర్శించు కరపత్ర మెచ్చట దొరకినను, ఆ నమూనాలతో పోల్చి యంత్రమును, యంత్రమును బట్టి మనిషిని పట్టవలెనని ఆ యేర్పాటు. అది కఠినమైన శాసనమే. ఐనను అందఱికిని తెలిసిన శాసనము. తన యంత్రము పోలీసు లెక్కలలో నున్నదని టైపు చేయువానికి తెలియును. నేడు మేము చెప్పబోవు యేర్పాటు అట్లు తెలిసి వచ్చినది కాదు.

1980వ దశకమున రంగుల కాపీ యంత్రములు విపణిలోనికి వచ్చుటతో ప్రభుత్వములకును బ్యాంకులకును ఒక భయము పట్టుకొనెను. కరెన్సీ నోటును యంత్రముపై పెట్టి మీట నొక్కినచో మఱియొక నోటు బయటికి వచ్చునుగదా యని. ఆ భయమును తీర్చుటకు జిరాక్సు సంస్థ ఒక ఉపాయము పన్నెను. తన యంత్రమునుండి వెలువడు ప్రతి కాగితముపైనను, ఏ యంత్రమునుండి వెలువడినదో తెలుపు సూక్ష్మచిహ్నములను అచ్చువేయించెను. దొంగనోటు దొరకినచో దానిపైని చిహ్నములను చదివి యంత్రపు సంఖ్యను తెలిసికొనవచ్చును. ఆ సంఖ్యగల యంత్రమును ఎవరికి అమ్మిరో కంపెనీ అమ్మకపు లెక్కలను చూచి తెలిసికొనవచ్చును. క్రమముగా ఇతర కంపెనీలును ఇట్టి పద్ధతులను అవలంబించెను. ఐనను యంత్రము కొన్నవారిలో నూటికి తొంబదితొమ్మండ్రకు ఈ సంగతి తెలియదనిన అతిశయోక్తి కానేరదు.

2004 నవంబరులో అమెరికాలోని పీసీ వరల్డు పత్రిక ఈ విషయమును ప్రచురించుటతో సామాన్యజనులకు దీని వాసన తగిలెను. అప్పటికి ఈ పద్ధతికి దాదాపు ఇరువది యేండ్లు నిండినవని జిరాక్సు పరిశోధకుడే ఆ పత్రికకు తెలిపెను. పిమ్మట శాన్ ఫ్రాన్సిస్కో నగరమందలి ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషను అను పౌరహక్కుల సంస్థ వివిధ యంత్రములనుండి అచ్చు కాగితములను పంపుడని ప్రజలను కోరెను. ఆ సంస్థలోని సేత్ షోయెన్ మొదలగువారు ఆ కాగితములను పరిశీలించి, 2005 అక్టోబరులో డాక్యుకలర్ అను ఒక జాతి యంత్రముల గూఢలిపిని విప్పి లోకమునకు వెల్లడించిరి.

ఆ లిపి యెట్టిదో వివరింతుము. కాగితముపై అక్కడక్కడ పసుపు రంగు చుక్కలుండును. ఒక్కొక్క చుక్క మిల్లీమీటరులో పదియవ వంతు. తెల్లకాగితముపై పసుపు చుక్కను, అందులోను అంత చిన్నదానిని, మన కన్ను పట్టజాలదు. పసుపును ఎన్నుకొనుటకు కారణ మిదియే. ఈ చుక్కలు అడ్డమునకు 15, నిలువునకు 8 గళ్లు గల పట్టికలో అమరి యుండును. అదే పట్టిక కాగితమంతటను మరల మరల అచ్చయి యుండును గనుక, కాగితమును చింపి ఒక ముక్క మిగిల్చినను ఆ ముక్కపై గూడ చిహ్నము నిలిచియుండవచ్చును.

పట్టికలోని నిలువు వరుసలను తూకపు రాళ్లతో పోల్చవచ్చును. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదునాఱు, ముప్పదిరెండు, అఱువదినాలుగు, ఈ ఏడు రాళ్లున్నచో ఒకటి మొదలు నూటయిరువదియేడు వఱకు ఏ బరువునైన తూచవచ్చును. అటులనే నిలువు వరుసలో క్రిందినుండి పైకి ఏడు గళ్లకు ఈ ఏడు విలువలు కలవు. చుక్క యున్నచో ఆ రాయి తక్కెడలో పడినట్లు, లేనిచో పడనట్లు. ఇరువది యని చెప్పవలెనన్న పదునాఱు గడిలోను నాలుగు గడిలోను చుక్కలుండును. అన్నిటికంటె పైనున్న ఎనిమిదవ గడి లెక్క సరిచూచుకొనుటకు. వరుసలోని మొత్తము చుక్కలు బేసిసంఖ్యగా నుండవలెనని నియమము. ఇరువదికి రెండు చుక్కలేయైనవి గనుక పైగడిలో ఇంకొక చుక్క పడి మూడగును. ఒక చుక్క మాసిపోయినచో లెక్క తప్పి, పొరపాటు బయటపడును. ఇట్లు ఒక వరుస నిమిషమును, ఒకటి గంటను, ఒకటి తేదీని, ఒకటి నెలను, ఒకటి సంవత్సరమును తెలుపును. నాలుగు వరుసలు కలిసి యంత్రపు సంఖ్యను తెలుపును. అనగా ఆ కాగితము ఏ యంత్రమున, ఏనాడు, ఏ గంటకు, ఏ నిమిషమునకు అచ్చయినదో దానిమీదనే వ్రాసియున్నదన్నమాట.

అన్ని కంపెనీల చుక్కలును ఈ పద్ధతిలోనే యుండవు. 2018లో జర్మనీలోని డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు పలు కంపెనీల యంత్రములను పరీక్షించి, పలుతీరుల చుక్కల అమరికలను గుర్తించిరి. చుక్కలను చదువుటకే గాక, అదనపు చుక్కలు చల్లి అసలు చుక్కలను చదువ వీలులేకుండ చేయుటకును ఒక సాధనమును నిర్మించి అందఱికిని ఉచితముగ నిచ్చిరి. ఇక నలుపు మాత్రమే అచ్చువేయు లేజరు యంత్రములో పసుపు పొడియే యుండదు గనుక దానికి ఈ పసుపు చుక్కల బెడద లేదు.

మాటమీద నమ్మకము చాలనివారు స్వయముగా పరీక్షించుకొనవచ్చును. రంగుల లేజరు యంత్రమున అచ్చయిన కాగితమును చీకటి గదిలోనికి తీసికొనిపోయి, నీలపు కాంతినిచ్చు చిన్న దీపము వేసి, భూతద్దముతో తెల్లని భాగమును చూడవలెను. పసుపు రంగు నీలపు కాంతిని మ్రింగివేయును గనుక, పగటివేళ కనబడని చుక్కలు అప్పుడు నల్లని నలుసులవలె కానవచ్చును. హైస్కూలు విద్యార్థులకు ఇదియొక మంచి ప్రయోగము.

ఇంతకును ఇందు దోషమేమని కొందఱడుగవచ్చును. దొంగనోట్లు అచ్చువేయువాడు దేశమునకు శత్రువు. వానిని పట్టుటకు ఉపాయమున్న మంచిదే కదా! ఈ వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. దొంగనోటు చేతబడినవాడు సామాన్యముగా కూరగాయల బేరగాడో రోజుకూలియో అగును. నష్టము వానిదే. ఇట్టి నేరములను విచారించుటకే తప్ప ఈ చిహ్నములను తాము వినియోగింపమని అమెరికా అధికారులు 2004లో చెప్పిరి. వారి మాటను మేము శంకింపము. కాని ఆ మాటకు వారిని కట్టివేయు చట్టమేదియు లేదని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషను మఱుసటి సంవత్సరమే ఎత్తిచూపెను. చుక్క దొంగనోటుమీద మాత్రమే పడదు. ప్రేమలేఖమీదను, వైద్యుని చీటిమీదను, కార్మికుల కరపత్రముమీదను, పై అధికారిపై పంపు అర్జీమీదను ఒకే తీరున పడును. యంత్రమునకు దొంగ యెవడో దొర యెవడో తెలియదు.

తప్పు చేయనివానికి భయమెందుకని మఱియొక ప్రశ్న. మన తల్లిదండ్రులు క్షేమసమాచారములు కార్డుమీద వ్రాసెడివారు. ఇంటి గుట్టును కవరులో పెట్టి జిగురంటించెడివారు. కవరు అంటించుట నేరము చేయుట కాదు. ఎన్నికలలో మనము తెరచాటున ఓటు వేయుదుము. ఎవరికి వేసితిమో చెప్పుటకు సిగ్గుపడి కాదు. చెప్పవలసి వచ్చినచో స్వేచ్ఛగా వేయలేమని. గుట్టు వేఱు, నేరము వేఱు.

ఈ చుక్కల ప్రస్తావన 2017లో లోకమంతటను మారుమ్రోగెను. అమెరికా జాతీయ భద్రతా సంస్థకు చెందిన ఒక రహస్యపత్రమును ఇంటర్‌సెప్టు అను వార్తాసంస్థ ఆ సంవత్సరము జూన్ 5న ప్రచురించెను. ప్రచురింపబడిన ప్రతిలో పసుపు చుక్కలు యథాతథముగ నిలిచియుండెను. చూచినవారు వానిని చదివి, ఆ పత్రము 2017 మే 9న ఉదయము 6 గంటల 20 నిమిషములకు అచ్చయినదని చెప్పగలిగిరి. పత్రమును పంపిన రియాలిటీ విన్నరు అను యువతి అప్పటికే పట్టుబడియుండెను. 2018లో ఆమెకు 5 సంవత్సరముల 3 మాసముల కారాగారశిక్ష పడెను. ఐతే ఆమెను పట్టియిచ్చినవి చుక్కలే యని చెప్పుట సత్యము కాదు. న్యాయస్థానమున దాఖలైన పత్రములను బట్టి, వార్తాసంస్థ చూపిన ప్రతిలో కాగితపు మడతలు కనబడుటచే అది అచ్చువేసి బయటికి తెచ్చినదని అధికారులు ఊహించిరి. ఆ పత్రమును అచ్చువేసినవారు ఆర్గురేయని కార్యాలయపు లెక్కలు చెప్పెను. ఆ ఆర్గురిలో వార్తాసంస్థతో ఉత్తరప్రత్యుత్తరములు జరిపిన జాడ ఆమె యంత్రమున దొరకెను. చుక్కలు లేకున్నను ఆమె పట్టుబడెడిదే. కాని చుక్కలు ఎంత చెప్పగలవో ఆనాడు లోకమునకు తెలిసివచ్చెను.

ఐరోపాలో ఈ విషయము ఇంతకు ముందే చర్చకు వచ్చినది. ఐరోపా పార్లమెంటు సభ్యురాలు, ఫిన్లండు దేశస్థురాలైన సాతు హస్సి అడిగిన ప్రశ్నకు 2008లో కమిషనరు ఫ్రాంకో ఫ్రాటీని సమాధానమిచ్చెను. ఇట్టి చిహ్నములను గూర్చి ప్రత్యేక శాసనమేదియు లేదనియు, వానివలన వ్యక్తులను గుర్తింప వీలగునంతవఱకు అది వ్యక్తిగత జీవిత గోప్యతాహక్కునకు భంగము కాగలదనియు ఆ సమాధానపు సారాంశము.

మన దేశపు పద్ధతి కొంత తలచుకొనదగినది. అచ్చయిన ప్రతి పుస్తకముపైనను పత్రికపైనను ముద్రాపకుని పేరును అచ్చయిన చోటును స్పష్టముగా నుండవలెనని 1867 నాటి చట్టము శాసించెను. అది పరాయిపాలకులు తమ క్షేమముకొఱకు చేసికొన్న చట్టమే. స్వతంత్రభారతమున గూడ చిరకాలము సాగి, 2023లో పత్రికలకు క్రొత్త చట్టము వచ్చి, 2024 మార్చి 1నుండి దాని స్థానము నాక్రమించినది. ఎన్నికల కరపత్రములపైనను గోడప్రకటనలపైనను ముద్రాపకుని పేరును ప్రచురణకర్త పేరును చిరునామాలతో నుండవలెనని ప్రజాప్రాతినిధ్య చట్టము ఈనాటికిని శాసించుచున్నది. మన ఇండ్లకు వచ్చు శుభలేఖల అంచునగూడ అచ్చుకూటము పేరు వాడుకచేత కనబడుచునే యుండును. వీనియందు గుట్టు లేదు. పేరు వేయువానికి వేయుచున్నట్లు తెలియును, చదువువానికి కనబడును, వేయుట కిష్టములేనివాడు అచ్చువేయుటయే మానుకొనవచ్చును. కనబడు పేరునకును కనబడని చుక్కకును ఉన్న భేదము ఇదియే. మొదటిది బాధ్యత; రెండవది నిఘా.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి వేసిన వ్యాజ్యమున, గోప్యత ప్రతి పౌరునికిని ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగ ప్రకటించెను. ఆ హక్కును ప్రభుత్వము మితపఱచవలెనన్న అందుకొక చట్టముండవలెను. సమంజసమైన ప్రయోజన ముండవలెను. ఆ ప్రయోజనమునకు మించిన బంధనము ఉండరాదు. ఈ కొలబద్దతో కొలిచి చూచినచో, యంత్రము కొన్నవానికే చెప్పని చిహ్నము ఎంతవఱకు నిలుచునో ఆలోచింపదగియున్నది.

ఇక రెండవ రామన్న సంగతికి వత్తము. సత్యేంద్ర దూబే అను యువ ఇంజనీరు జాతీయ రహదారుల నిర్మాణమున జరుగుచున్న అక్రమములను గూర్చి 2002లో ప్రధానమంత్రి కార్యాలయమునకు లేఖ వ్రాసి, తన పేరు రహస్యముగ నుంచుడని కోరెను. ఆ లేఖ అతని పేరుతోనే కార్యాలయమునుండి కార్యాలయమునకు చేతులు మాఱెను. 2003 నవంబరు 27న అతడు గయలో హత్యకు గుఱియయ్యెను. ఆ హత్య దోపిడికై జరిగినదని 2010లో న్యాయస్థానము తీర్పు చెప్పినది. కారణమేదైనను, రహస్యమని కోరిన పేరు రహస్యముగ నిలువలేదను వేదన దేశమున మిగిలిపోయినది. 2004 ఏప్రిలులో కేంద్రప్రభుత్వము ఒక తీర్మానము చేసెను. దానిని బట్టి, అక్రమములను తెలుపువారు తమ పేరు వ్రాసియే కేంద్ర విజిలెన్సు కమిషనుకు ముద్రవేసిన కవరులో ఫిర్యాదు పంపవచ్చును. కమిషను వారి పేరును వెల్లడింపకుండ విచారణ జరిపించును. పేరులేని అర్జీలపై మాత్రము చర్య తీసికొనదు. పంపువాని జాడ తెలియునట్టి మాట ఏదియు ఫిర్యాదు పాఠమున లేకుండ జాగ్రత్తగా వ్రాయవలెనని కమిషను సూచించుచున్నది.

ఎంతో మంచి సూచన. కాని జాడ మాటలలోనే యుండవలెనను నియమము లేదు. ఫిర్యాదుచేయువాడు అమాయకముగా తన కార్యాలయపు రంగుల యంత్రముననే అర్జీని అచ్చువేసెననుకొందము. పేరు తొలగించిన ఆ కాగితము విచారణకై తిరిగి తిరిగి ఆ కార్యాలయమునకే చేరుననుకొందము. అప్పుడు గూఢలిపిని చదువనక్కఱయే లేదు. అదే యంత్రమున అచ్చయిన మఱియొక కాగితమును ప్రక్కన బెట్టి చుక్కల అమరికను పోల్చినచో చాలును. యంత్రము తెలిసినచో, ఆ దినమున ఆ యంత్రమును వాడినవారి పట్టిక కార్యాలయపు కంప్యూటరులోనే యుండును. ఇంత తెలివి అక్రమపరునికి ఉండదని ధీమాగా నుండుటకు వీలులేదు.

కావున మేము విన్నవించునవి మూడు మాటలు. యంత్రము కాగితముపై ఏమేమి వ్రాయునో అమ్మువారు కొనువారికి ముందుగా చెప్పవలెను. పెట్టెపై నాలుగు మాటలు అచ్చువేసినచో చాలును. ఆ చిహ్నములను చదివి మనిషిని గుర్తించు అధికారము ఎవరికి, ఏ నేరమునకు, ఎవరి యనుమతితో కలుగునో చట్టము చెప్పవలెను. రహస్యమైన కాగితము వ్రాయువారు కార్యాలయపు యంత్రమును వాడరాదు. రంగులు అవసరమే లేనిచోట నల్లని అచ్చుతోనే పని గడుపుకొనవలెను. అచ్చయిన కాగితము నకలును పత్రికకు పంపునప్పుడు, కాగితము రూపమును గాక అందలి విషయమును తిరిగి వ్రాయించి ప్రచురింపుడని కోరుట మేలు.

దొంగనోటు అచ్చువేయు రామన్న దొరకనిండు. పెండ్లిసంబంధము చెడగొట్టు రామన్నకు బుద్ధి రానిండు. కాని ఊరి మేలుకొఱకు భయపడుచునే కలము పట్టిన రామన్న మన పొరుగునకూడ ఉండవచ్చును. ఒకనాడు మన ఇంటనే యుండవచ్చును. వాని కాగితము తెల్లగా కనబడుచున్నదని వాడు నమ్మి మోసపోకుండ ఒక మాట చెప్పుట మన ధర్మమని తలచి ఈ నాలుగు మాటలు విన్నవించితిమి.